వకుళ వదలని భాష

అనగా అనగా, రాజులకు కిరీటాలూ, కోటల్లో కంప్యూటర్లూ రెండూ ఉన్న కాలంలో మణిసీమ అనే రాజ్యం ఉండేది. దాని నడుమ పాలవేణి నది పారేది. నదికి ఎడమన ఒక కాలువ, కుడిన ఒక కాలువ. నీటిమట్టం చూసి కాలువ తలుపులు తెరవడం, మూయడం కంప్యూటర్ల పని. వాటికి ప్రోగ్రాములు రాయడానికి సుధన్వ మహారాజు ఇద్దరిని నియమించాడు. ఎడమ కాలువ వకుళది, కుడి కాలువ శతానందుడిది. ఇద్దరూ ఒకే గురువు దగ్గర 'సరళ' అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నవాళ్లు.

ఒకనాడు ఒక వర్తకుడు ఓడ దిగి, 'మెరుపు' అనే కొత్త భాష తెచ్చానన్నాడు. సరళ కన్నా అది పదింతలు వేగమట. శతానందుడు మురిసిపోయి తన ప్రోగ్రామంతా మెరుపులోకి మార్చాడు. తలుపు తెరుచుకోవడానికే పావుగంట పడుతుంటే, లెక్క రెప్పపాటు ముందు తేలితే ఏమిటి లాభం అనుకుంది వకుళ.

మరుసటి ఏడు మరో వర్తకుడు 'ముత్యం' తెచ్చాడు. అందులో రాసిన ప్రోగ్రాము చూడముచ్చటగా ఉంటుందన్నాడు. శతానందుడు సగం పని ముత్యంలోకి మార్చాడు.

ఆపై మూడోవాడు 'గరుడ' తెచ్చాడు. మబ్బుల బొమ్మలు చూసి వాన రాకను చెప్పడంలో దానికి సాటి లేదు. శతానందుడు తలుపుల పనికీ దాన్నే తగిలించాడు. వకుళ కూడా గరుడను కొద్దికొద్దిగా నేర్చుకుంది గానీ, కాలువ జోలికి రానివ్వలేదు.

రాజు శతానందుడికి శాలువా కప్పాడు. ఇంకా పాతదాన్నే పట్టుకు వేలాడుతున్నావా అని వకుళను చూసి నవ్వాడు. ఆమె మనసు చివుక్కుమంది. అయినా తన పని తాను చేసుకుపోయింది.

ఆ శ్రావణంలో కొండమీది చెరువుకు గండి పడింది. మధ్యాహ్నానికల్లా వరద వస్తుందని రౌతు కబురు తెచ్చాడు. రోజూ నీళ్లు ఊళ్ల వైపు వదిలేవారు. ఇవాళ ఆ తలుపులు మూసి, బీడు వైపువి తెరవాలి.

వకుళ నాలుగు వాక్యాలు మార్చి, ఒకసారి సరిచూసుకుంది. ఎడమ కాలువ బీడు వైపు మళ్లింది.

శతానందుడు మెరుపును మార్చితే ముత్యం అలిగింది. ముత్యాన్ని సరిచేస్తే గరుడ మొరాయించింది. మూడింటిలో ఏదీ అతని చేతికి పూర్తిగా అలవడలేదు. బయట కుడి ఒడ్డు జనం పిల్లలను ఎత్తుకుని మిట్టల మీదికి పోతున్నారు.

వకుళ పరుగున వచ్చింది. "శతానందా, వాటిని పక్కన పెట్టు. సరళలో రాయి."

"ఇన్నేళ్ల తర్వాత నాకేం గుర్తుంటుంది?" అన్నాడు అతను దిగులుగా.

"మొదలుపెట్టు. నేను పక్కనే కూర్చుంటాను."

మొదటి వాక్యం తడబడింది. రెండోది నడిచింది. ఆ తర్వాత వేళ్లు వాటంతటవే పరుగెత్తాయి. పొద్దు నడినెత్తికి రాకముందే కుడి కాలువా మళ్లింది. వరద నురగలు కక్కుతూ వచ్చి బీడు భూముల్లో పరుచుకుంది. ఒక్క గుడిసె కూడా మునగలేదు.

రాజు వచ్చి వకుళకు చేతులు జోడించాడు. ఇకపై రాజ్యంలో కొత్త భాషలే వద్దని చాటింపు వేయిస్తానన్నాడు.

"వద్దు ప్రభూ," అంది వకుళ. "వాన రాకను చెప్పే పనికి గరుడ కావాలి. దాన్ని శతానందుడికి అప్పగించండి, తీరిగ్గా నేర్చుకుంటాడు. రోజూ చేసే పనిని మాత్రం మాకు బాగా వచ్చిన భాషలోనే చేసుకోనివ్వండి."

రాజు సరేనన్నాడు. శతానందుడు ఆనాడే గరుడతో మబ్బుల బొమ్మలు చదవడం మొదలుపెట్టాడు. మణిసీమ కాలువలు చల్లగా పారాయి.

పిల్లలూ, కొత్తది ఎంతైనా నేర్చుకోవచ్చు. నిత్యం చేసే పనికి మాత్రం చేతికి బాగా అలవాటైనదే అండ.