గొంతు దాటని మాట

మాఘ బహుళ తదియ, గురువారం, సాయంత్రం ఆరుంబావు. విజయనగరంలో దక్షిణామూర్తి మాస్టారింటి వాకిట్లో పురుషోత్తం చెప్పులు విడిచాడు. పరిశోధన మానేస్తున్నానని చెప్పడానికి వచ్చాడు.

కొండల మీది ఓ చిన్న భాషకి వ్యాకరణం రాస్తున్నాడతను. అక్కడి అవ్వ ఒకామె అతనికి ఆ భాష మాటలు చెప్పేది. ‘నేను పోతున్నాను’ అనడం ఎలాగని ఎన్నిసార్లడిగినా, ‘వస్తాను’కి మాట చెప్పి ఊరుకునేది. ఆ భాషలో ఆ రూపమే లేదని సభలో చదివాడు. ఆ ఊరి పిల్ల ఒకతె లేచి, ఉందండీ, బడికి పోతూ రోజూ అంటాం అంది. హాలంతా నవ్వింది.

మాస్టారు ఈమధ్యే ఆస్పత్రి నుంచి వచ్చారు. దిండ్లకు ఆనుకుని అంతా విన్నారు. అవ్వ మోసం చేసిందో, తనకే చెవులు లేవో తెలియడం లేదనీ, మేనమామ ఎరువుల కొట్లో కూచుంటాననీ చెప్పాడు పురుషోత్తం. మాస్టారు సరేనన్నారు. వద్దంటారేమోనని అతను ఇంకాసేపు కూచున్నాడు. దణ్ణం పెట్టి లేచాడు.

"వస్తానండీ."

"మానేసి పోయేవాడివి, వస్తాననడం ఏమిట్రా? పోతున్నానను."

పురుషోత్తం నోరు తెరిచాడు. మంచం పక్కన స్టూలు మీద మందుసీసాలు కనిపించాయి. మాట గొంతు దాటలేదు.

"వ్యాకరణం రాసేవాడివి. ఆపాటి రూపం రాదూ?"

దీపాలవేళ ఆ పిల్లాడి చేత అనిపించే మాటేనా అది, మంచం మీద ఉండి మీకైనా తెలియొద్దా అని వంటింట్లోంచి సీతారత్నం గారు భర్తని కోప్పడ్డారు.

మాస్టారు అటు చూడలేదు. "అవ్వని ఎక్కడ కూచుని అడిగావు?"

"వాళ్ళింట్లోనేనండీ. ముసలాయనకి జ్వరం. ఆవిడ మంచం పక్కనుంచి కదిలేది కాదు. అక్కడే కూచుని..."

ఆగిపోయాడు. మెల్లగా కిందికి జారి, మాస్టారి మంచం కోడు పట్టుకుని కూచున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు. సీతారత్నం గారు వచ్చి చూసి, ఇంకో కంచం పెట్టారు.

మర్నాడు పొద్దున ఎవరూ అతన్ని లేపలేదు. ఎండ పక్కమీదికి వచ్చేదాకా పడుకోనిచ్చారు. సీతారత్నం గారు పూజ ముగించి, మాస్టారికి జావ ఇచ్చి, కొండదారిలో తింటాడని పులిహోర కలిపారు. అవ్వకీ ముసలాయనకీ అని ఇంకో పొట్లం వేరే కట్టారు.