దొరగారి చుట్టకు అతుకు

గవ్వలపాడు జమీందారు నృసింహదేవుగారు, మహారాజు కానుకగా పంపిన చుట్ట మీద చూసుకోకుండా కూర్చున్నారు. కొస దగ్గర పై ఆకు చిట్లిపోయింది. తప్పు తనదని ఒప్పుకుంటే ఇక దొరతనం ఏముంది? చుట్టలు చుట్టే అసిరమ్మను సభకు పిలిపించారు.

"దీన్ని బాగుచెయ్యి. నేను తాగుతుండగా అతుకు ఎవరి కంటపడినా నువ్వు ఊరు విడిచిపోవాలి!"

అసిరమ్మ చిట్లినచోట గంజి రాసి ఆకుముక్క అతికింది. అతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. దొరగారు మీసం మెలేశారు. ఆమె మాత్రం తాపీగా ఆ కొసకే నిప్పంటించింది.

"నిప్పున్న కొస నోట్లో పెట్టుకోండి బాబుగోరూ. మా ఆడోళ్లం అడ్డపొగ ఇలాగే తాగుతాం. తమకి భయమైతే వద్దులెండి."

"భయమా? నాకా?" అంటూ దొరగారు పెట్టేసుకున్నారు.

ఆమె సభవైపు తిరిగింది. "అతుకు ఎవరికైనా కనబడుతోందా బాబూ?"

లేదన్నారందరూ.

'ఇక్కడే, నా నోట్లోనే ఉందిరా!' అని అరవాలనుకున్నారు దొరగారు. మాట్లాడితే నాలుక కాలుతుంది. తీసేస్తే భయపడ్డాడంటారు. ఏం చెయ్యాలో తోచక, కళ్లనీళ్లు కారుతున్నా పీలుస్తూ కూర్చున్నారు. చివరికి ఉండబట్టలేక "ఇదిగో అతుకు!" అని బయటికి తీస్తే అక్కడ బూడిద తప్ప ఏమీ లేదు.

దొరగారు అయోమయంగా దివానువైపు చూశారు. "ఇప్పటిదాకా ఉందయ్యా! ఏమైపోయింది?"

"తమరే తాగేశారు ప్రభూ."