గుడ్లమడుగు చుట్టూ రాటలు

ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. అక్కడ నీళ్ళకి స్థిమితం ఉండదు. ఏరు ఇటు తోస్తుంది, సముద్రం అటు తోస్తుంది, మధ్యలో పడ్డవాడి పని గోవిందా. మొగ నుంచి కాస్త లోపలికొస్తే మడచెట్ల నీడలో ఒక మడుగు ఉంది. అంత నెమ్మదైన నీళ్ళు ఆ చుట్టుపక్కల మరెక్కడా లేవు. దాని పేరు గుడ్లమడుగు. చేపలు గుడ్లు పెట్టడానికి అక్కడికే వచ్చేవి. నీటికుక్కలు తమ పిల్లలకి తొలి ఈత నేర్పడానికీ అక్కడికే వచ్చేవి. నీటికుక్క పిల్ల పుట్టుకతోనే ఈతగాడని మీరనుకుంటే పొరపాటు. తల్లి దాన్ని మెడ పట్టుకుని నీళ్ళలో దించాలి, అది కెవ్వుమనాలి, నాలుగు గుటకలు మింగాలి, తల్లి మళ్ళీ పైకి లాగాలి. ఇదంతా నిలకడ నీళ్ళలోనే జరగాలి.

ఆ మడుగుకి ఒక కట్టుబాటు ఉంది. చేపలు కడుపుతో వచ్చే రోజుల్లో అందరూ కలిసి మడుగు మూతి దగ్గర రాటలు పాతేవాళ్ళు. గూడబాతు దాలయ్య తాత మంచిరోజు చూసేవాడు. నీటికుక్క పోలమ్మ కర్రలు కొరికి తెచ్చేది. పీత గురువులు అడుగున బురద దట్టించేవాడు. ఒకసారి రాట దిగాక ఇక లోపలికి ఎవరూ పోరు. ఎంత ఆకలేసినా పోరు. చేపపిల్లలు ఈదుకుంటూ బయటికొచ్చాక రాటలు పీకేసేవాళ్ళు. అప్పుడు పిల్లలున్న నీటికుక్కలు ముందు దిగేవి, తక్కినవాళ్ళు తరవాత. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. పెట్టినవాడు మాత్రం తెలివైనవాడు.

మొగ పక్కన రాతిగుట్ట మీద మొసళ్ళ దండు ఉండేది. ఒక ఏడాది సొరచేపలు సముద్రంలోంచి ఏట్లోకి జొరబడి నానా బీభత్సం చేస్తే, ఏటి జంతువులే మొరపెట్టుకుని మొసళ్ళని పిలిపించుకున్నాయి. ఉన్న మాట చెప్పాలి కదా, దండు వచ్చాక మళ్ళీ సొర మొహం ఎవరూ చూడలేదు. గుట్ట చుట్టూ ఎండుకొబ్బరికాయలు తాడుకి కట్టి నీళ్ళ మీద తేలేశారు. ఆ కాయలు దాటి లోపలికి దండు తప్ప ఎవరూ రాకూడదు. సరే, గుట్ట చుట్టూ ఉన్న నీళ్ళతో ఎవరికేం పని? ఎవరూ ఏమీ అనలేదు. దండుకి సలహాలు చెప్పడానికి ఒక నక్క కూడా ఉండేది. దాని పేరు అడక్కండి. నక్కకి పేరెందుకు, పని చూస్తే తెలీదూ?

మన కథ జరిగిన ఏడు పోలమ్మ కాన్పులో ఒక్కడే బతికాడు. వాడికి ఎల్లాజీ అని పేరు పెట్టుకుంది. ఇంకా కళ్ళు సరిగ్గా తెరవకముందే వాడు ఒడ్డుదాకా పాక్కుంటూ పోయి నీళ్ళలో మూతి పెట్టి తుమ్మేవాడు. "రాటలు తీసినాక నిన్నే ముందు దించుతాను, అందాకా ఉండరా గుంటా" అని పోలమ్మ వాణ్ణి వెనక్కి లాక్కొచ్చేది.

ఇంతలో నీటికాకుల బెడద వచ్చిపడింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, అవి ముందటి ఏడే రాటల్ని లెక్కచెయ్యకుండా మడుగులో దూరి కడుపుతో ఉన్న చేపల్ని మింగేశాయి. ఈ ఏడు ఏం చెయ్యాలా అని అందరూ ఒడ్డున కూడుకున్నారు. అప్పుడే నక్క తోక ముడుచుకుని వచ్చింది. ఆ వినయం చూసినప్పుడే భయపడాల్సింది.

"దాలయ్య తాతగారికి నమస్కారం. మీ కష్టం దండుపెద్దగారి చెవిన పడింది. విన్నప్పట్నుంచీ ఆయనకి నిద్ర లేదండీ పాపం."

"మొసలికి నిద్ర లేదేటి? పగలల్లా గుట్ట మీద నోరు తెరుసుకుని పడుకోడాన్ని ఏటంటారు మరి?" అన్నాడు గురువులు. పీతకి నోరూ డెక్కలూ రెండూ పదునే.

నక్క నొచ్చుకోలేదు. "మీ రాటలకి ఈ ఏడు మా వాళ్ళు కాపలా ఉంటారు. నీటికాకి ముక్కు పెట్టిందంటే ముక్కే ఉండదు. మీరు హాయిగా ఒడ్డున కూర్చోండి."

"మరి మీకేటి లాభం?"

"సేవ" అంది నక్క.

గురువులు పోలమ్మ పక్కకి జరిగాడు. "అప్పా, సేవ అన్నాడంటే మన కాడ ఏదో సూసినాడే."

"నీకు అందరిమీదా అనుమానమే" అంది పోలమ్మ. "సొరలొచ్చినప్పుడు మనల్ని కాసింది ఆలే కాదేటి? కాకులు మడుగుని కుళ్ళగించీసినాయంటే నా గుంటడికి ఈత నేర్పడానికి నెమ్మదైన నీళ్ళేవి? కాయనీ. మనకేటి పోయింది?"

అందరూ పోలమ్మ మాటకి తలాడించారు. బిడ్డతల్లి మాట ఎవరు కాదంటారు?

నక్క లేచి, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు నుదురు కొట్టుకుంది. "ఒక చిన్న సంగతి. రాటలు మడుగు మూతి దగ్గర పాతితే మా వాళ్ళకి అటూ ఇటూ తిరగలేక చావు. ఇంకాస్త ఇవతలకి, మా కొబ్బరికాయలకి తగిలేలా పాతారనుకోండి, గుట్ట మీంచి ఒక్క చూపులో అంతా కనిపిస్తుంది."

"పాతీసుకోండి అయితే" అన్నాడు దాలయ్య తాత.

నక్క చెవులు మూసుకుంది. "అపచారం! మీ పెద్దల నాటి ఆచారం, మేం ముట్టుకోవచ్చా? మీ చేతుల్తో మీరే పాతండి. మేం ఊరికే కాపలాదార్లం."

ఆచారం అనే మాటకి దాలయ్య తాత వెన్నలా కరిగిపోయాడు. ఇంత మర్యాద తెలిసిన నక్కని తన జన్మలో చూడలేదన్నాడు. పోలమ్మ మునుపటికంటే ఎక్కువ కర్రలు కొరికి తెచ్చింది. గురువులు సణుక్కుంటూనే బురద దట్టించాడు. మడుగు మూతి నుంచి కొబ్బరికాయల దాకా, మడుగూ గుట్టా ఒకే ఆవరణలో పడేలా రాటలు దిగాయి. నక్క ఎక్కడ నిలబడి చూపిస్తే అక్కడ దిగాయి.

కాపలా మాత్రం దివ్యంగా జరిగింది. రాటల దగ్గర సన్యాసి అని ఒక కుర్ర మొసలిని పెట్టారు. పేరుకి సన్యాసే గాని నీటికాకుల ఈకలు బాగానే రాలగొట్టాడు. ఆ ఏడు చేపపిల్లలు వచ్చినట్టు ఎన్నడూ రాలేదు. ఏరంతా తళతళలాడిపోయింది. మొసళ్ళ దండు చల్లగా ఉండాలని గట్టున అందరూ దణ్ణాలు పెట్టుకున్నారు.

తరవాత రాటలు పీకే రోజు వచ్చింది. పోలమ్మ ఎల్లాజీని మెడ పట్టుకుని అందరికంటే ముందొచ్చింది. వాడు కాళ్ళు గాల్లో కొట్టేస్తున్నాడు. ఆమె మొదటి రాట మీద పన్ను వేసిందో లేదో సన్యాసి అడ్డం వచ్చాడు.

"ఒద్దమా. తియ్యకూడదంట."

"ఎవులన్నారు?"

"పైవోలు."

పైవాళ్ళ తరపున నక్క రానే వచ్చింది. ఈసారి తోక ముడుచుకుని లేదు. "సొరలు మళ్ళీ బయల్దేరాయని కబురు. దండుకి గుట్ట చుట్టూ ఇంకొంచెం చోటు కావాలి. హద్దు పెంచుతున్నాం."

"సొరల్ని ఎవులు సూసినారు?" అన్నాడు గురువులు.

"చూసేదాకా ఆగితే ఇక కాపలా ఎందుకయ్యా?"

దాలయ్య తాత ముందుకొచ్చాడు. కోపం అలవాటు లేనివాడు, బతిమాలుతున్నట్టే అన్నాడు. "హద్దు పెంచుకోండి బావూ, కాదన్ను. మడుగు వొదిలీసి పెంచుకోండి. అది మాది."

"మీదా?" నక్క నిజంగా ఆశ్చర్యపోయినట్టే చూసింది. "కాపలా కాసినన్నాళ్ళూ మా సన్యాసి కళ్ళలో ఒత్తులు వేసుకుని చూశాడు. లోపల ఎవరైనా కనపడ్డారట్రా సన్యాసీ?"

"ఎవులూ లేరండి" అన్నాడు సన్యాసి నేల చూపులు చూస్తూ.

"ఎవరూ ఈదలేదు, ఎవరూ తినలేదు, ఎవరూ పడుకోలేదు. ఎవరూ లేని నీళ్ళు ఎవరివవుతాయి?"

"మావు లోనికి పోనిది సేపల కోసం" అంది పోలమ్మ. "కాళీగా లేదు బావు, మావే వొదిలిపెట్టినాం."

"గుట్ట మీంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయమ్మా. అయినా ఈ హద్దు మేం గీసిందా? ఈ రాటలు ఎవరు పాతారు? ఆ పళ్ళ గాట్లు ఎవరివి?"

కర్ర మీద గాట్లు పోలమ్మవే. గురువులు డెక్కతో ఆ గాట్లు తడిమి అన్నాడు, "కంచే సేను మేసీసింది. ఆ కంచె కట్టింది మనం."

మర్నాడు పోలమ్మ ఒక్కతే గుట్ట దగ్గరికెళ్ళి కొబ్బరికాయల ఇవతల నిలబడి దండుపెద్దని పిలిచింది. ముసలి మొసలి తలెత్తాడు. చెడ్డవాడు కాదు. సొరల్ని కలలో చూసి కూడా ఉలిక్కిపడే రకం.

"అయ్యా, నాకు మడుగొద్దు. నా గుంటడు ఈత నేర్సుకున్నంతసేపు సాలు. నేర్పీసి ఎలిపోతాను."

"ఒకళ్ళకి ఇస్తే అందరికీ ఇవ్వాలి తల్లీ."

"పిల్లలున్నోల్లకే ఇయ్యండి."

"నీ పిల్లాడిలా వేషం కట్టి ఏ సొర పిల్లో వస్తే?" అంది నక్క పక్కనుంచి. ముసలి మొసలికి అది సబబుగానే తోచింది. "మొగ దగ్గర బోలెడు నీళ్ళున్నాయి కదమ్మా, అక్కడ నేర్పుకో. నీళ్ళు ఎక్కడైనా నీళ్ళేగా" అన్నాడు. నీళ్ళలోనే పుట్టి నీళ్ళలోనే ముసలైనవాడు అన్న మాట అది. అధికారం ఎక్కువకాలం గుట్ట మీద కూర్చుంటే ఈత కూడా మర్చిపోతుంది కాబోలు.

పోలమ్మ ఎదురుచూసింది. సొరలు రాలేదని తేలాక హద్దు వెనక్కి జరుపుతారేమో అని చూసింది. సొరలు రాలేదు. హద్దూ జరగలేదు. సొరలు రాకపోవడం హద్దు గొప్పతనమే అంది నక్క. ఎల్లాజీ పెరుగుతున్నాడు, తల్లి పాలు ఇంకిపోతున్నాయి. ఆమె పట్టి తెచ్చిన చేప ఇద్దరికి చాలడంలేదు. ఈత రాని నీటికుక్క ఎన్నాళ్ళు బతుకుతుంది? ఇక చేసేది లేక ఆమె వాణ్ణి మొగకి తీసుకెళ్ళింది.

ఇక్కడినుంచి చెప్పడం నాకూ ఇష్టం లేదు, చెప్పకపోతే కథ అబద్ధమవుతుంది.

పోటుకీ పాటుకీ మధ్య నీళ్ళు కాస్త నిలబడే వేళ చూసుకునే దించింది. తెలిసిన తల్లి, ఏ జాగ్రత్తా మరిచిపోలేదు. వాడు కెవ్వుమన్నాడు, గుటకలు మింగాడు, ఆమె పైకి లాగింది. వాడికి భయం పోయి సరదా పుట్టింది. "మళ్ళీ దించమా, మళ్ళీ" అన్నాడు. రెండోసారి దించింది. వాడు నాలుగు కాళ్ళూ కొట్టి ఒక జానెడు ముందుకి పోయాడు. అది చూసి ఆమె నవ్వింది. ఆ నవ్వులో మెడ మీద పట్టు కాస్త సడలింది. అప్పుడే సముద్రం వైపు నుంచి పెద్ద అల ఒకటి వచ్చింది. నిలకడ నీళ్ళలో అయితే ఆ సడలిన పట్టు ఒక ముచ్చట, తల్లులు పది కాలాలు చెప్పుకుని నవ్వుకునేది. మొగలో అలా కాదు.

ఆమె మునిగింది, లేచింది, మళ్ళీ మునిగింది. దాలయ్య తాత ముసలి రెక్కలతో మొగంతా చుట్టి చుట్టి వచ్చాడు. గురువులు తన పీతల్నందర్నీ వెంటేసుకుని అడుగుబురద వెతికాడు. సాయంత్రం దాకా ఎవరికీ ఏమీ దొరకలేదు.

మర్నాటి పోటు వాణ్ణి ఏట్లోకి తెచ్చింది. మొగ దాటించి, రాటల సందులోంచి దూర్చి, గుడ్లమడుగులోకి తీసుకెళ్ళి వదిలింది. ప్రాణం ఉండగా రానివ్వని నీళ్ళలోకి వాడు ప్రాణం పోయాక వెళ్ళాడు. ముందు గురువులు చూశాడు. పోలమ్మ దగ్గరికొచ్చి, డెక్కతో అటువైపు చూపించాడు.

ఆమె రాటల దగ్గరికి వచ్చింది. సన్యాసి అక్కడే ఉన్నాడు. వాడికీ తెలుసు.

"లోనికి రాకమా" అన్నాడు. "నన్ను సంపీస్తారు."

"రాను బాబూ. నువ్వే ఆణ్ణి కూసింత ఇటు తొయ్యి. సాలు."

సన్యాసి గుట్ట వైపు చూశాడు. తరవాత మెల్లగా మడుగులోకి వెళ్ళి, ఆ చిన్న ఒంటిని మూతి చివర మీద ఎత్తుకుని, ఒక్క పన్నూ తగలనివ్వకుండా రాటల దాకా తెచ్చాడు. వాడి కళ్ళ నిండా నీళ్ళు. మొసలి కన్నీరంటే లోకం నమ్మదు గాని నేను నమ్ముతాను. పోలమ్మ రాటల సందులోంచి చేతులు చాపి కొడుకుని తీసుకుంది.

గుట్ట మీంచి నక్క గొంతు వినిపించింది. "సన్యాసీ! రాటల దగ్గర ఎవర్రా అది?"

సన్యాసి ఆమెకి అడ్డంగా తిరిగాడు. వాడు చెయ్యగలిగిన సాయం అంతకుమించి లేదు.

"ఎవులూ లేరండి" అన్నాడు.

మంచిమనసుతోనే అన్నాడు. పోలమ్మకీ అది తెలుసు. కొడుకుని గుండెలకి అదుముకుని, ఆ మాట విని, ఎవరూ లేనట్టే అక్కణ్ణించి వెళ్ళిపోయింది.

విన్నవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: నువ్వు మర్యాదకి వదిలిన చోటుకి కాపలా కాస్తానని వచ్చినవాడికి, హద్దురాయి నీ చేత్తో పాతి ఇవ్వకు.