మట్టంటని బూట్లు

అడిగినదానికి సూటిగా జవాబు చెప్పడం సన్యాసిరావు మాస్టారికి అలవాటు లేదు. విజయనగరంలోని ఆడపిల్లల కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు బాస్కెట్‌బాల్ నేర్పారు. "బంతి ఎలా వెయ్యాలి మాస్టారూ?" అని అడిగిన పిల్ల చేతిలో బంతి పెట్టి, తాను పోయి గట్టుమీద కూర్చునేవారు. ఆయన రిటైరైన రోజున, ఆయన స్థానంలోకి రాబోతున్న పాత శిష్యురాలు హేమలత ఆటసామాన్ల గది తాళాలు అందుకుంటూ ఒక ప్రశ్న అడిగింది.

"ఇన్నేళ్లలో ఒక్క మ్యాచ్ మళ్లీ ఆడించుకోవచ్చంటే ఏది ఆడిస్తారు మాస్టారూ?"

ఒక్క పాయింటుతో చేజారిన ఫైనల్ గురించే చెబుతారని ఆమె నమ్మకం. ఆ ఓటమిని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు మరి.

"నువ్వు నలభై పాయింట్లు కొట్టిన మ్యాచ్," అన్నారు మాస్టారు.

హేమలత ముఖం వెలిగిపోయింది. తొమ్మిదేళ్ల కిందటి మాట. ఆ నలభై వల్లే కదా ఇవాళ ఈ తాళాలు చేతికొచ్చాయి! మాస్టారు మాత్రం స్టూలెక్కి పై అరలోంచి ఒక అట్టపెట్టె దించారు. లోపల తెల్లటి బూట్లు. అడుగున చిన్న మరక కూడా లేదు.

"పైడమ్మవి. గుర్తుందా?"

కాస్త గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది. బెంచీ చివర కూర్చునే పిల్ల. వాన వెలిసిన పొద్దున అందరికన్నా ముందొచ్చి కోర్టులో నీళ్లు ఊడ్చేది. కాలేజీ ఇచ్చిన బూట్లు మ్యాచ్‌కేనని దాచుకుని ఉత్తకాళ్లతో ప్రాక్టీసు చేసింది. మూడేళ్లలో ఒక్కసారీ మ్యాచ్‌లోకి దిగలేదు.

"ఆ నలభై మ్యాచే దానికి ఆఖరిది," అన్నారు మాస్టారు. "ఇంకా ఐదు నిమిషాలుంది. మనం ముప్పై పాయింట్లు ముందున్నాం. లేసులు విప్పింది, కట్టుకుంది. మళ్లీ విప్పింది, కట్టుకుంది. నాకేసి చూసింది. నువ్వు ముప్పై నాలుగు మీదున్నావు. నాకు నలభై చూడాలనిపించింది. ఈల పడగానే బూట్లు వదిలేసి ఉత్తకాళ్లతో అందరికన్నా ముందొచ్చి నిన్నెత్తుకుని గిరగిరా తిప్పింది ఆ పిల్లే. మర్నాడు ఈ పెట్టె తెచ్చి నా బల్లమీద పెట్టి, 'కడగనేదు మాస్టారూ, మట్టంటనేదు కదా' అంది. నవ్వుతూనే అంది."

ఆ తర్వాత పెళ్లై ఎటో వెళ్లిపోయిందట. ఏ ఊరికి పోటీలకు వెళ్లినా మాస్టారు ఆ పెట్టె సంచిలో పెట్టుకునే వెళ్లారు. ఆట చూడ్డానికొచ్చిన ఆడవాళ్లలో ఆమె కోసం వెతికేవారు. ఒక్కసారి కనబడితే చాలు, ఖాళీ కోర్టులోకైనా సరే, పేరు పెట్టి పిలిచి దింపాలని ఆయన ఆశ. ఆ ఆశ తొమ్మిదేళ్లుగా ఆయన్ని వదల్లేదు.

హేమలతకు ఆ రోజు తనను పైకెత్తిన చేతులు గుర్తొచ్చాయి. అవి ఎవరివో ఇన్నాళ్లూ ఆలోచించనే లేదు. సిగ్గేసింది. "ఎల్లుండి మ్యాచ్‌లో చివర కూర్చునే పిల్లకి ఇవి ఇస్తాను మాస్టారూ. దింపుతాను కూడా," అంటూ ఒక బూటు తీసి వంచి చూసింది. అడుగు రబ్బరు పుటుక్కున విరిగింది.

"ఇవింక పనికిరావు మాస్టారూ," అంది నెమ్మదిగా.

మాస్టారు ఆ విరిగిన ముక్క తీసుకుని జాగ్రత్తగా పెట్టెలో పెట్టారు.

"అప్పుడు పనికొచ్చేవమ్మా," అన్నారు. "ఐదు నిమిషాలు."