పై కొసన సున్నా

పైడితల్లికి ఇరవై నాలుగేళ్లు. ఏది కొలవబోయినా ముందు వోల్టులు కొలిచే మీటరు పెట్టె రెండు క్లిప్పులనూ ఒకదానికొకటి ఆనించి, సున్నా వచ్చిందో లేదో చూసుకుంటుంది. పాలిటెక్నిక్‌లో వరహాలమ్మ మేడమ్ నేర్పిన అలవాటది.

ఒక ఆదివారం ఆ పెట్టెను చంకన పెట్టుకుని మేడమ్ ల్యాబ్‌కి వచ్చింది. "మేడమ్, లోపం నాలోనే ఉందో లేదో నాకెలా తెలుస్తుంది?" అని అడిగింది.

పైడితల్లి పనిచేసేది కరెంటు బస్సుల బ్యాటరీలు బాగుచేసే షెడ్డులో. వరసగా కలిపిన సెల్స్‌లో కింది సగం సింహాద్రి కొలుస్తాడు, పై సగం ఈమె. ఇద్దరికీ పెట్టె ఒక్కటే. అతనికి దాదాపు సరిగ్గానే వస్తుంది, ఈమెకు ప్రతి సెల్లూ తక్కువ చూపిస్తుంది. విడిగా తీసి చూస్తే అవన్నీ బాగానే ఉంటున్నాయి. "ఆడపిల్ల చేతికి నిలకడ ఉండదులే అమ్మా" అని ఫోర్‌మన్ ఓదార్చాడు కూడా. రేపటి నుంచి ఆమెకు మూతలు బిగించే పని.

వరహాలమ్మ ముందు తన డబ్బాలో ఉప్మా ఆమె ముందుకు తోసింది. "తిను. కొలిచాక ఏడుద్దువుగాని." తిన్నాక, "ఏదీ, నీ అలవాటు చూపించు" అంది.

పైడితల్లి బల్ల మీద క్లిప్పులు ఆనించింది. సున్నా.

"బల్ల మీద సున్నా అందరికీ వస్తుందే పిల్లా."

ల్యాబ్ మూల వరసగా కలిపిన పాత బ్యాటరీలున్నాయి. నేల నుంచి లెక్కేస్తే పై కొసన మూడు వందల వోల్టులు. చేతులకు రబ్బరు తొడుగులు వేయించి, రెండు క్లిప్పులనూ ఆ కొసన ఒకే బోల్టుకు పెట్టించింది మేడమ్. ఎన్ని వోల్టుల ఎత్తున పెట్టినా ఆ ఎత్తును తీసేసి, రెంటికీ మధ్య తేడా మాత్రమే చెప్పడం ఆ పెట్టె పని. ఒకే బోల్టు మీద తేడా ఎక్కడిది? పెట్టె మాత్రం పావు వోల్టు తక్కువంది. బోల్టు బోల్టుకూ కిందికి దిగుతుంటే ఆ తేడా తగ్గుతూ వచ్చి, నేల దగ్గర మాయమైంది.

మూత విప్పారు. సరిసమానంగా ఉండాల్సిన రెండు రెసిస్టర్లలో ఒకదాని విలువ ఇసుమంత తప్పింది. కిందే కొలిచే సింహాద్రికి అది ఏనాడూ పట్టించుకునేంత కాలేదు.

"అంటే నా చెయ్యి..."

"నీ చేతిని ఎవరడిగారు? ఎవరు తక్కువో చెప్పే పెట్టెని, ముందు ఇద్దర్నీ ఒకే చోట పెట్టి అడగాలి. అదీ పైన."

"ఇప్పుడే మార్చేయనా మేడమ్?"

"వద్దు. రేపు అలాగే పట్టుకెళ్లు. నిలకడ ఉన్న చెయ్యి మీ ఫోర్‌మన్‌దేగా అక్కడ."

మర్నాడు పైడితల్లి రెండు క్లిప్పులూ ఫోర్‌మన్ చేతికిచ్చి, పై కొసన ఒకే బోల్టుకు పెట్టించింది. పెట్టె తక్కువే అంది. ఆ తర్వాతే రెసిస్టరు మార్చింది.