కూర్మయ్య అడిగిన మాట

అనగనగా, కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలంలో ఒక ఊరు. ఆ ఊరి బావిలో ఉప్పునీళ్లు. మంచినీళ్లు కావాలంటే మూడు కొండలు దాటాలి. కావడి మీద ఆ నీళ్లు తెచ్చేవాడు కూర్మయ్య. తాగేది ఊరంతా, మోసేది వాడొక్కడు.

ఆ ఊరికి ఒక కట్టుబాటు ఉండేది. శవాన్ని ఎడమ భుజం మీద మోయాలి, తాగే నీళ్లను కుడి భుజం మీదే మోయాలి. ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. తెలీని కట్టుబాటుకే పట్టుదల ఎక్కువ కదా.

మొదటి ఏడు కూర్మయ్య కుడి చెయ్యి పైకి లేవలేదు. తలపాగా పెళ్లాం సూరమ్మే చుట్టింది. వాడు ఊరి పెద్ద దగ్గరికెళ్లాడు.

"బావూ, బుజం కీలు పట్టేసింది. ఎడం బుజానికి మార్చుకోనా?"

"తప్పురా. అది పీనుగు బుజం."

రెండో ఏడు చెయ్యి నోటిదాకా రాలేదు. సూరమ్మ ముద్దలు కలిపి పెట్టింది. ఆముదం కాచి రాసింది, వావిలాకు కట్టింది. వాడు మళ్లీ అడిగాడు. "తప్పురా" అన్నాడు పెద్ద.

మూడో ఏడు నిద్ర కూడా పోయింది. ఆ పక్కకు ఒత్తిగిలితే ప్రాణం విలవిల్లాడేది. మళ్లీ అడిగాడు. మళ్లీ "తప్పురా".

"కొండ మీద ఎవులు సూస్తారు? మార్చీసుకో" అంది సూరమ్మ.

"పిల్లలు తాగుతారే ఆ నీళ్లు" అన్నాడు. పిచ్చివాడు, వాడూ నమ్మాడు.

ఆ వేసవిలోనే, మూడో కొండ దిగుతుంటే కావడి జారింది. ఆపుకోవడానికి చెయ్యి లేవలేదు. కావడితో పాటే లోయలో పడి చచ్చిపోయాడు. ఊరు పరుగెత్తుకొచ్చి ముందు కుండలు చూసింది, తర్వాత మనిషిని చూసింది.

పాడెను నలుగురు ఎడమ భుజాలకెత్తుకున్నారు. వల్లకాడు దూరం. సగం దారిలో "బుజం లాగేస్తందిరా" అన్నాడొకడు. నలుగురూ కుడి భుజాలకు మార్చుకున్నారు. పెద్ద పక్కనే నడుస్తున్నాడు, తప్పనలేదు.

సూరమ్మ దారికి అడ్డంగా కూలబడింది.

"నాలుగడుగులకే మార్చీసుకున్నారు. నా పెనిమిటి మూడేళ్లు అడిగాడు బావూ."

ఏడుద్దామన్నా ఆమెకు కన్నీళ్లు మిగల్లేదు.

ఆ కట్టుబాటు ఆ రోజుతో పోయింది. పోతే ఏం లాభం, పోయినవాడు వస్తాడా? ఇప్పటికీ ఆ ఊళ్లో పాడె మోసేవాళ్లు సగం దారిలో ఆగుతారు. భుజాలు ఎంత సలుపుతున్నా మార్చుకోరు. "కూర్మయ్యా, బుజం మార్చుకోమంతావా?" అని మూడుసార్లు అడుగుతారు. జవాబు రాదు. రాదని తెలిసీ, ఆ బరువుతోనే కాసేపు నిలబడతారు.