ఓబుళమ్మ మెత్తిన గోడ

దస్తగిరికి ఒకటే ఆరాటం. ఏడేళ్లుగా మౌలాలి తాత దగ్గర మట్టిమిద్దెలు కట్టడం నేర్చుకున్నాడు గానీ, "ఇంక నువ్వే సొంతంగా పని పట్టుకో" అన్న మాట తాత నోట రాలేదు. ఆ మాట రానిదే చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ అతనికి పని అప్పజెప్పరు.

అందుకే గొర్రెలు మేపుకునే ఓబుళమ్మ ఇంటిని ఒక్కడే ప్రాణం పెట్టి కట్టాడు. మూరెడు మందం గోడలు. వేడిగాలి బయటికి పోయేలా కప్పు కింద ఎదురెదురుగా కంతలు. మిద్దె మీద వాన దిగకుండా చౌడుమట్టి. గోడల మట్టి ఆమె చేలోదే, దూలాలు ఆమె పెరట్లో వేపచెట్టువే. మండుటెండలోంచి లోపలికొస్తే ప్రాణం లేచొస్తుంది. ఫ్యాన్ ఊసే అక్కర్లేదు.

తాత వచ్చి గోడకు చెంప ఆనించాడు. అరచేత్తో నిమిరాడు.

"ఏం కలిపినావురా పూతలో?"

దస్తగిరి మీసం దువ్వుకున్నాడు. "అది నా గుట్టు తాతా. రేప్పొద్దున ఎక్కడన్నా పెచ్చు లేస్తే నేను రావాల్సిందే. ఇంకొకరి వల్ల కాదు."

తాత మూలనున్న గడ్డపార అందుకుని గోడలో ఒక్క పోటు పొడిచాడు. కొబ్బరికాయంత బొక్క పడింది.

"అయ్యో తాతా, ఏం పని చేస్తివి!" అని ఓబుళమ్మ గుండెలు బాదుకుంది. దస్తగిరికి ఒళ్లు మండిపోయింది. తాత కాబట్టి సరిపోయింది, ఇంకొకరైతే గడ్డపార లాక్కునేవాడే. పళ్లు బిగబట్టి మట్టి తేబోయాడు.

"నువ్వు కాదు," అన్నాడు తాత. "ఆయమ్మ పూడుస్తాది."

"నాకేం తెలుసు తాతా?" అంది ఓబుళమ్మ.

తాత దస్తగిరి వంక చూశాడు. చూస్తూనే ఉన్నాడు. దస్తగిరి ఓబుళమ్మ వైపు తిరిగి గుట్టు విప్పాడు.

"ఎర్రమట్టి మూడు తట్టలమ్మా. ఇసుక ఒక తట్ట. తరిగిన గడ్డి, కలబంద గుజ్జు, కరక్కాయ నీళ్లు. మూడు దినాలు నానాల. నేను నానేసింది బానలో ఇంకా మిగిలుండాది."

ఓబుళమ్మ కొంగు బిగించింది. మొదటి ముద్ద జారి ఆమె కాళ్ల మీదే పడింది.

"ముందు గోడ తడుపుకోవల్ల," అన్నాడు దస్తగిరి.

రెండో ముద్ద పట్టుకుంది. మెత్తడం అయ్యేసరికి అక్కడంతా వంకరటింకరగా ఆమె వేళ్ల గుర్తులు. వాటిని సర్దాలని దస్తగిరి చేతులు ఒకటే పీకాయి. తాత ఉన్నాడని ఊరుకున్నాడు.

అంతలో పక్కన రేకుల ఇంట్లో ఉండే సుంకులమ్మ చెమటలు తుడుచుకుంటూ వచ్చింది. లోపలి చల్లదనానికి నోరెళ్లబెట్టింది.

"ఎవరు కట్టినారే దీన్ని? మాకూ ఇట్లాంటిదే కావాల."

"ఎవరో ఏంది? నేనే," అంది ఓబుళమ్మ, మట్టి చేతులు నడుముకు పెట్టుకుని. "రా, నీకూ నేర్పిస్తా."

కట్టింది తనేనని చెప్పబోయిన దస్తగిరి ఆమె మట్టి చేతులు చూసి ఆగిపోయాడు. ఏడేళ్లలో ఎన్నడూ లేనంత గర్వంగా ఉంది అతనికి.

తాత చెప్పులేసుకున్నాడు. "నేను ఇంటికి పోతాండా. సుంకులమ్మ కొత్తింటికి పునాది ముగ్గు నువ్వే పోయ్."